వెదురు గది ఎన్నేళ్లుంటుంది

రైలు పట్టాల పని చేసినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు దాని ఆయుర్దాయం అడుగుతాం. పట్టాకు ఇన్నేళ్లు, స్లీపరుకు ఇన్నేళ్లు, ఆఫీసులో కుర్చీకి కూడా ఇన్నేళ్లని పుస్తకంలో రాసి ఉంటుంది. దాన్ని కోడల్ లైఫ్ అంటారు. గడువు తీరకముందే వస్తువు పాడైతే సంజాయిషీ రాసుకోవాలి. ముప్పై ఆరేళ్లు బిలాస్‌పూర్‌లోనూ చుట్టుపక్కల సెక్షన్లలోనూ ఆ పని చేసి రిటైరయ్యాను. ఉద్యోగం వదిలినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. దానివల్ల మా అక్క, నేను అప్ప అని పిలుస్తాను, ఆమె విషయంలో నేను చేసిన పొరపాటు గురించి రాద్దామని కూర్చున్నాను. వెదురు గురించి కూడా రాయాలి. రెండింటినీ విడదీసి రాయడం నాకు చేతకాలేదు.

మొదటి జీతం అందుకున్న నెల నుంచి డైరీ రాస్తున్నాను. అందులో గొప్ప సంగతులేమీ ఉండవు. ఎండ, వాన, కుళాయి వచ్చిన వేళ, ఇంటికొచ్చిన మనిషి. నాలుగేళ్ల క్రితం నా భార్య పోయిన తర్వాత ఒక గడి కొత్తగా గీశాను. ‘ఈ రోజు తెలుగులో మాట్లాడినది ఎవరితో’ అని దాని పేరు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కళాసీగా వచ్చిన రోజుల్లో ఇక్కడి రైల్వే కాలనీలో ఏ వరస క్వార్టర్ల మధ్య నడిచినా తెలుగే వినిపించేదట. నా చిన్నప్పుడూ అంతే. తర్వాత ఒక్కొక్కరే రిటైరై వెళ్లిపోయారు. ఉన్నవాళ్ల పిల్లలకు హిందీయే నోరు తిరుగుతుంది. నేను ఇల్లు కట్టుకున్న లింగియాడీహ్ వైపు మనవాళ్లు ముందునుంచీ లేరు. మాకు పిల్లలు లేరు. ఆ గడిలో వారానికి ఆరు రోజులు ‘లేదు’ అనే రాయాల్సి వచ్చేది. ఏడో రోజు ఆదివారం. ఆ రోజు ఆటో కట్టించుకుని అప్ప వచ్చేది.

అప్ప నాకన్నా ఏడేళ్లు పెద్ద. మా బావ కూడా రైల్వేలోనే చేసి, రిటైరయ్యాక ఎక్కువ కాలం బతకలేదు. ఆమె ఒక్కగానొక్క కొడుకుతో, కోడలితో, ఇద్దరు మనవలతో రైల్వే క్వార్టర్లో ఉండేది. అక్కడ అందరూ మంచివాళ్లే గాని ఎవరికీ ఆమె మాట పూర్తిగా అందదు.

‘‘నాను మాటాడతుంటే టీవీ సౌండు పెంచుతారురా. పాపం, ఆళ్ల తప్పేటి? ఇనపడదు కదా’’ అని నవ్వేది.

కిందటేడాది ముందు సంవత్సరం మే నెలలో ఒక ఆదివారం, భోజనం అయ్యాక ముందు గదిలో చాప వేసుకుని పడుకుంది. పావుగంటలో దిండు చంకన పెట్టుకుని పెరట్లోకి వచ్చేసింది. నేను వేపచెట్టు కింద కూర్చుని పేపరు చదువుకుంటున్నాను.

‘‘ఏటిరా ఇది? ఇల్లా, పెనమా? ఆ స్లేబు కింద రొట్టె పెడితే రెండు పక్కలా కాలుతాది.’’

‘‘కూలర్లో నీళ్లు పోస్తానుండు అప్పా.’’

‘‘పొయ్యకు. తడి గాలికి నా మోకాళ్లు పట్టేస్తాయి.’’ చెట్టు కిందే చాప పరుచుకుంది. కాసేపయ్యాక కళ్లు మూసుకునే అంది. ‘‘మన అమ్మ ఇంట్లోలాగ తడికల గది ఒకటి కట్టరా. ఎండకి సల్లగుంటాది. కట్టేవంటే నానొచ్చి నీ దగ్గరే పడుంటాను.’’

‘‘నిజంగా వస్తావా?’’

‘‘ఎప్పుడికి కడతావో సెప్పు ముందు.’’

ఆ రోజు గడిలో ‘అప్పతో’ అని రాసి, కింద గీత గీసి ‘వెదురు గది’ అని రాశాను. ఎప్పటికి కడతానో చెప్పినట్టు మాత్రం ఎక్కడా లేదు.

వానాకాలమంతా వెదురు గురించి తెలుసుకున్నాను. పేజీ మధ్య గీత గీసి ఎడమవైపు లాభాలు, కుడివైపు లోపాలు రాసుకుంటూ వచ్చాను. తేలిక. త్వరగా పెరుగుతుంది. వంగుతుంది గాని విరగదు. ఎండను లోపలికి రానివ్వదు. నలుగురు మనుషులు, రెండు కత్తులు ఉంటే గది లేస్తుంది. విప్పి వేరేచోటికి తీసుకుపోవచ్చు. కుడివైపు కూడా అంతే పొడుగైంది. పురుగు తింటుంది. వానకు తడిస్తే కుళ్లుతుంది. నిప్పుకు ఆగదు. మేకు కొడితే చీలుతుంది. ఏ రెండు బొంగులూ ఒక్క లావుండవు, మొదలు ఒక లావు, చివర ఒక లావు, కాబట్టి ఏ కొలతా కచ్చితంగా కుదరదు. ఈ చివరి సంగతి నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. పట్టాల మధ్య దూరం కళ్లు మూసుకుని చెప్పగలిగిన మనిషికి వంకర బొంగుతో కాపురం అలవాటు కాదు.

పనివాడు మా వీధి చివరే దొరికాడు. రోడ్డు పక్కన పాక వేసుకుని ఇంటిల్లిపాదీ చేటలు, బుట్టలు అల్లుకునే కుటుంబం. ఇంటి పెద్దకు అరవై దాటాయి. టెంట్ హౌసుల ఇనప పైపులు రాకముందు పెళ్లి పందిళ్లు వేసేవాడట. అతను ఛత్తీస్‌గఢీలో మాట్లాడతాడు, నేను హిందీలో జవాబిస్తాను. ఆ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, వెదురుకు అతననే బాంస్ అన్న మాట తప్ప.

కార్తీకంలో వెళ్లి అడిగితే చేట అల్లడం ఆపకుండానే చెప్పాడు. ‘‘పచ్చి బాంస్ తెస్తాను. పది రోజుల్లో గది ఇస్తాను, బాబూజీ.’’

‘‘ఎన్నేళ్లుంటుంది?’’

‘‘మూడు. మీ అదృష్టం బాగుంటే నాలుగు.’’

‘‘అంతేనా?’’

‘‘పచ్చిదానిలో తీపి ఉంటుంది కదా. పురుగుకి అది పేడా మిఠాయి లాంటిది.’’

‘‘ఎక్కువ కాలం ఉండాలంటే?’’

అప్పుడు చేట పక్కన పెట్టాడు. మూడేళ్లు దాటిన బొంగులు ఏరాలన్నాడు. చంద్రుడు తగ్గే పదిహేను రోజుల్లో కొట్టాలి, అప్పుడు వాటిలో రసం తక్కువ. గణుపుల లోపలి అడ్డాలన్నీ ఇనప ఊచతో పొడిచి, వెలిగారం కలిపిన నీళ్లలో నానబెట్టాలి. తీసి నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. ఎండలో పెడితే చీలిపోతాయి. తొందరపడితే అన్నీ దండగ.

‘‘అలా చేస్తే?’’

‘‘ఇరవై ఏళ్లు ఎక్కడికీ పోదు. ఎవరికి బాబూజీ గది?’’

‘‘మా అక్కకి.’’

‘‘దీదీకి ఎన్నేళ్లు?’’

‘‘డెబ్బై తొమ్మిది.’’

అతను నా వైపు ఒకసారి చూసి, మళ్లీ చేట తీసుకుని అల్లడం మొదలుపెట్టాడు. ఆ చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు. డైరీలో మాత్రం ‘ఆయుర్దాయం: ఇరవై ఏళ్లు’ అని పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

బహుళ పక్షంలో అతనితో కలిసి బిల్హా వైపు ఒక రైతు పొలం గట్టుకు వెళ్లాను. ఒక్కో బొంగును కత్తి వెనకవైపుతో కొట్టి వినేవాడు. లేతదైతే మొద్దుగా పలుకుతుంది, ముదిరినదైతే కంచుగా. నేనూ కొట్టి విన్నాను. పట్టాను సుత్తితో కొట్టి పగులు పట్టుకోవడం తెలిసినవాణ్ణి కాబట్టి ఆ ఒక్క పనీ నాకు వెంటనే వచ్చింది. ‘‘మీకు చెవి ఉంది బాబూజీ’’ అన్నాడు. రిటైరయ్యాక నా పనిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు.

పెరట్లో పొడుగ్గా గొయ్యి తవ్వించి, తార్పాలిన్ పరిచి, వెలిగారం నీళ్లు నింపి బొంగులు ముంచాం. వారం తిరిగేసరికి వాసన మొదలైంది. పక్కింటాయన గోడ మీదినుంచి తొంగి చూసి, ‘‘అంకుల్, లోపల ఎవరినైనా పాతిపెట్టారా?’’ అని అడిగాడు. నవ్వాను. పుష్యమాసంలో తీసి వరండా గోడకు నిలబెట్టాం. రోజూ ఉదయం వాటిని ఒక చుట్టు తిప్పి, ఎక్కడ చీలిక వచ్చిందో చూసి రాసుకునేవాణ్ణి. ప్రతి ఆదివారం అప్ప వచ్చి వాటిని తట్టి, ‘‘ఇంకా ఆరలేదేటి?’’ అనేది. మరో రెండు నెలలు అనేవాణ్ణి.

మాఘంలో మా మేనల్లుడికి ప్రమోషన్ మీద రాయగఢ్ బదిలీ వచ్చింది. రైల్లో ఎంతో దూరం కాదు గాని, ఆదివారం ఆటోలో వచ్చి వెళ్లే దూరమూ కాదు. సామాను కట్టేసే ముందు అప్ప వచ్చింది. ఆదివారం కాదు, బుధవారం.

‘‘ఇదిగో, ఆళ్లతో నాను ఎల్లకముందే గది ఏసీయి. ఆరింది సాలు.’’

‘‘ఇప్పుడే బిగిస్తే తర్వాత కుంచించుకుపోయి కట్లు వదులవుతాయి అప్పా. గది ఒక పక్కకి వంగుద్ది.’’

‘‘వంగితే వంగుద్ది. నాను మాత్రం తిన్నగా ఉన్నానేటి?’’

‘‘రెండు నెలలు. ఉగాదికి పూర్తవుద్ది. అప్పుడు నేనే వచ్చి తీసుకొస్తాను.’’

‘‘పోనీ, అంతవరకు వరండాలో పడుకుంటాను.’’

‘‘వరండా నిండా బొంగులే ఉన్నాయి కదా.’’

ఆమె బొంగుల వైపు చూసింది. ‘‘నా సోట్లో ఇయ్యి నిలబడ్డాయన్నమాట.’’ అని ఒక బొంగును తట్టింది. ‘‘ఇరవై ఏళ్ల గది నాకెందుకురా తమ్ముడూ?’’

‘‘పని పద్ధతిగా జరగాలి అప్పా.’’

‘‘నీ పెళ్లికీ ఇదే మాట. ముహూర్తం దాటిపోతందని అయ్యోరు గోల పెడతంటే నువ్వు పందిట్లో టేపు పట్టుకుని గుంజలు కొలుసుకున్నావు.’’

ఇద్దరం నవ్వుకున్నాం. ఆటో ఎక్కించి వచ్చి, ఆ రోజు పేజీలో ఇలా రాశాను: ‘అప్ప తొందరపడుతోంది. నచ్చజెప్పాను.’ ఇప్పుడు ఆ వాక్యం చదివితే అది రాసిన మనిషిని పిలిచి మందలించాలనిపిస్తుంది.

గది అనుకున్న రోజుకే పూర్తయింది. తొమ్మిది సిమెంటు దిమ్మలు పోసి, ఒక్కోదానిలో ఇనప ఊచ నిలిపి, ఊచ మీదికి బొంగు దింపాం. వెదురు అడుగు నేలను తాకకూడదు. మొదలు కిందికే ఉండాలి, తలకిందులుగా నిలబెడితే ఇంటికి మంచిది కాదని పనివాడి పట్టుదల. అడ్డబొంగుల చివరలు చేప నోరులా చెక్కి, తడిపిన తాడుతో బిగించాడు. తాడు ఆరేకొద్దీ పట్టు పెరుగుతుంది. నేను బోల్టులంటే, ‘‘బాంస్‌కి చిల్లు పెడితే ప్రాణం అక్కడినుంచే పోతుంది’’ అన్నాడు. గోడలకు తడికలు, వాటి మీద ఊక కలిపిన మట్టి, పైన కూలగొట్టిన ఇంటినుంచి తెచ్చిన పాత ఖప్రా పెంకులు. వాన గోడకు కొట్టకుండా చూరు బాగా ముందుకు లాగాం.

నేను చేసిన పని ఒకటే. ప్రతి బొంగు మీదా తెల్ల పెయింటుతో నంబరు వేశాను. తూర్పు గుంజలకు తూ-1, తూ-2, దూలాలకు దూ, వాసాలకు వా. ఇనప వంతెన విప్పి బిగించేటప్పుడు ప్రతి ముక్కకూ గుర్తు వేస్తాం. ఇక్కడ అవసరమేమీ లేదు. చెయ్యి ఊరుకోక వేశాను. డైరీలో పటం గీసి అవే నంబర్లు రాసుకున్నాను.

‘‘మీ బాంస్‌లన్నిటికీ ఆధార్ కార్డులు ఇచ్చేశారు బాబూజీ’’ అన్నాడు పనివాడు. ‘‘ఇక తప్పిపోతే పోలీసులే తెచ్చి ఇస్తారు.’’

అప్పను తీసుకురావడానికి టిక్కెట్టు కొన్నాను. బయలుదేరడానికి రెండు రోజుల ముందు మేనల్లుడు ఫోన్ చేశాడు.

‘‘మావయ్యా, మమ్మీ బాత్రూంలో ఫిసల్ అయి పడిపోయింది. తుంటి ఎముకంట. ఆపరేషన్ అంటున్నారు.’’

ఆ టిక్కెట్టు మీదే వెళ్లాను, ఆసుపత్రికి. ఆపరేషన్ బాగానే జరిగింది గాని నడక తిరిగి రాలేదు. మంచం మీదినుంచి కుర్చీలోకి, కుర్చీలోనుంచి మంచం మీదికి, అదీ ఇద్దరు పట్టుకుంటే.

గది ఒక వానాకాలం, ఒక చలికాలం ఖాళీగా ఉంది. వానలో ఒక్క చుక్క లోపలికి రాలేదు. మేలో నా ముందు గది మండిపోతుంటే అందులో చల్లగా ఉండేది. సాయంత్రాలు వెళ్లి అక్కడే కూర్చునేవాణ్ణి. ఆమె కోసం వేసిన నులకమంచం మీద కాదు, గుమ్మం దగ్గర ముక్కాలి పీట మీద. పుస్తకాల్లో దొరకని కొన్ని సంగతులు అప్పుడు తెలిశాయి. వెదురు గోడ శబ్దాన్ని ఆపదు. పక్కింటి కుక్కర్, వీధిలో కూరగాయల బండి, దూరంగా గూడ్సు బండి బ్రేకు వేసిన చప్పుడు, అన్నీ మనిషి పక్కన ఉన్నట్టే వినిపిస్తాయి. మొదట దాన్ని లోపాల వైపు రాశాను. తర్వాత బాణం గీసి ఎడమవైపుకు మార్చాను.

ఇంకొకటి, మధ్యాహ్నం ఎండ ముదిరినప్పుడు బొంగులు టప్పుమంటాయి. ఎవరో మంచం మీదినుంచి లేచినట్టో, గుంజకు ఆనుకున్నట్టో ఉంటుంది. అన్నం తింటున్నవాణ్ణి మొదటిసారి ఎంగిలి చేత్తోనే లేచి వెళ్లి చూశాను. ఎవరూ లేరని తెలిసినా ఆ వారంలో మరో రెండుసార్లు లేచాను. దీన్ని ఏ వైపు రాయాలో తెలియక వదిలేశాను.

శ్రావణంలో పశ్చిమ గుంజ కింద సన్నటి పసుపు పొడి కనిపించింది. పనివాణ్ణి పిలిచాను. వేలితో తీసి చూసి, ‘‘పురుగు మొదలు పెట్టింది’’ అన్నాడు.

‘‘వెలిగారంలో నానబెట్టాం కదా?’’

‘‘మందు సగం పని చేస్తుంది బాబూజీ. మిగతా సగం పొయ్యి పొగ. మా పాత ఇళ్లలో వంట అందులోనే, కాబట్టి పురుగు చేరదు. మనిషి మసలని గదిని పురుగు త్వరగా కనిపెడుతుంది.’’ ఆ చిల్లులో కిరసనాయిలు పోసి, రోజూ కుంపట్లో వేపాకు పొగ వెయ్యమన్నాడు. ‘‘బాంస్ ముక్కలు మాత్రం కాల్చకండి. ఇంట్లో బాంస్ కాల్చకూడదు.’’ అది మాకూ ఉన్న పట్టింపే. మిగిలిన ముక్కలు గోడ వారన కుప్పగా ఉండిపోయాయి.

అలా రోజూ మనిషి లేని గదిలో, మనిషి ఉన్నట్టు పురుగును నమ్మించడానికి పొగ వేస్తూ వచ్చాను.

నెలకోసారి రాయగఢ్ వెళ్లేవాణ్ణి. అప్ప ప్రతిసారీ మొదట అదే అడిగేది. ‘‘గది ఎలాగుంది?’’ బాగుందనేవాణ్ణి. ‘‘కాలు నేలకి ఆననీ, ఒచ్చేస్తాను’’ అనేది. రా అప్పా, మంచం వేసే ఉందనేవాణ్ణి. ఆ కాలు నేలకు ఆనదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ప్రతి నెలా అవే మాటలు చెప్పుకునేవాళ్లం.

ఈ మే నెలలో వెళ్లినప్పుడు ఆమె అడగలేదు. పడమటి గోడ వైపు గది ఆమెది. మధ్యాహ్నం రెండు గంటలకు ఆ గోడ మీద చెయ్యి పెట్టలేకపోయాను. కోడలు తడి తువ్వాలు ఆమె గుండెల మీద కప్పి, ఆరిపోగానే మళ్లీ తడిపి కప్పుతోంది. ఫ్యాను వేడి గాలినే తిప్పుతోంది. అప్ప కళ్లు తెరిచి, ‘‘ఒచ్చేవా’’ అంది. కాసేపటికి ‘‘ఉడికిపోతన్నానురా’’ అంది. సాయంత్రం బండి ఎక్కేదాకా కూర్చున్నాను. గది మాట రాలేదు.

తిరుగు రైల్లో, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్న రెండేళ్ల క్రితపు లాభాల జాబితా పేజీ చూశాను. ఎడమవైపు ఆరో వరస: ‘విప్పి వేరేచోటికి తీసుకుపోవచ్చు.’ నేనే రాశాను. రాసి, ఏడాదిపాటు దాని పక్కన కూర్చున్నాను.

అయినా వెంటనే చెయ్యలేకపోయాను. రెండు రోజులు ఏమీ చెయ్యకుండా గడిపాను. ఆ గది పెరట్లో నిలబడి ఉన్నన్నాళ్లూ అప్ప రావలసిన మనిషే. విప్పేశానంటే ఇక రాదని నేను ఒప్పుకున్నట్టు. మూడో రోజు పొద్దున కుంపటి రాజేస్తూ, అక్కడ ఆమె తువ్వాలు మళ్లీ తడుపుతుంటారని తోచింది. కుంపటి వదిలేసి మేనల్లుడికి ఫోన్ చేశాను.

‘‘మీ క్వార్టర్ వెనక జాగా ఎంతుంది?’’

‘‘ఉంది మావయ్యా, కానీ కట్టడానికి పర్మిషన్ ఇవ్వరు. పక్కా కన్‌స్ట్రక్షన్ అంటే నోటీసు వస్తుంది.’’

‘‘వెదురుదైతే?’’

‘‘బాంస్‌దా? అది కన్‌స్ట్రక్షన్ ఎక్కడ, మావయ్యా? బట్టలారేసుకునే కర్రలంటే సరిపోతుంది.’’

ప్రభుత్వం లెక్కలో వెదురు గది అసలు కట్టడమే కాదు. దాన్నీ ఎడమవైపే రాశాను.

పనివాడు వచ్చి గది చుట్టూ ఒకసారి తిరిగాడు. ‘‘కట్టినదాన్ని విప్పడం నాకు ఇష్టముండదు. దీదీ కోసమంటున్నారు కాబట్టి.’’ కట్లు ఒక్కొక్కటే కోశాడు. నేను పటం పట్టుకుని నంబర్లు చదివాను. పెంకులు గడ్డిలో పేర్చాం, తడికల మట్టి రాలగొట్టి చుట్టలు చుట్టాం. ఒక్క పగలు సరిపోయింది. కట్టడానికి ఐదు నెలలు పట్టించాను. చిన్న ట్రక్కులో గదంతా పట్టింది, మంచంతో సహా. పనివాడు, అతని అల్లుడు, నేను ముందు క్యాబిన్లో ఇరుక్కుని రాయగఢ్ వెళ్లాం.

అక్కడ కొలతలు కుదరలేదు. పెరడు పడమటికి వాలుగా ఉంది. ఒక మూల గుంజ జానెడు పొట్టి పడింది. సిమెంటు దిమ్మలు పోసి ఆరేదాకా ఆగుదామని నోటిదాకా వచ్చింది. అనలేదు. పాత ఇటుకలు, చదును రాళ్లు పేర్చి వాటి మీదే నిలబెట్టించాను. పద్ధతి కాదు. నాలుగో రోజు సాయంత్రానికి పైన పెంకులు పడ్డాయి. తడికలకు మట్టి కొయ్యనేలేదు.

అప్ప కిటికీలోనుంచి చూస్తూనే ఉంది. మేమంతా కలిసి ఆమెను కుర్చీతో సహా మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాం. తడికల సందుల్లోనుంచి గాలి వచ్చింది. ఆమె చాలాసేపు పైకప్పు చూసింది. చెయ్యి చాపి పక్కనున్న గుంజను తడిమింది.

‘‘ఇయ్యేటిరా, నెంబర్లేసేవు?’’

‘‘విప్పినప్పుడు మళ్లీ బిగించడానికి అప్పా.’’

‘‘అయితే నాను రానని కట్టినప్పుడే తెలుసన్నమాట నీకు.’’

‘‘అలవాటు అప్పా. అంతే.’’

‘‘మంచి అలవాటే’’ అంది. ‘‘మొదటి నాడే పచ్చివి ఏసుంటే ఇయ్యి అక్కడే ఉండును, నానూ అక్కడే ఉందును’’ అంది. కోపంగా కాదు. ఎండగా ఉందన్నట్టు చెప్పింది. నేను ఆ గుంజ మీదున్న తూ-2ను చూస్తూ కూర్చున్నాను.

‘‘నాలుగు రోజులుండు’’ అంది. ఉన్నాను. రెండు గదుల క్వార్టర్లో ఐదుగురు. పిల్లవాడి పరీక్ష పుస్తకాలు జరిపి హాల్లో నాకు పక్క వేసేవారు. ఐదో రోజు బయలుదేరి వచ్చేశాను.

పెరట్లో తొమ్మిది దిమ్మలు, వాటి మీద తొమ్మిది ఊచలు మిగిలాయి. పనివాడు తవ్వి తీసేస్తానన్నాడు. ఉండనీ అన్నాను. పక్కింటి కోళ్లు వాటి మధ్య తిరుగుతుంటాయి. కుంపటి వరండాలో ఉంది. వేప కింద కూర్చుంటే ఒకప్పుడు ఆ గది గోడ అడ్డున్న చోట ఇప్పుడు రోడ్డు వరకు కనిపిస్తుంది. చప్పుళ్లు మాత్రం ఆ గదిలో వినిపించినట్టు వినిపించవు.

వానలు మొదలయ్యాక మొన్న మధ్యాహ్నం అప్ప ఫోన్ చేసింది. కోడలు చెవి దగ్గర పెట్టి వెళ్లినట్టుంది, వాన చప్పుడు బాగా వినిపిస్తోంది.

‘‘తమ్ముడూ, తిన్నావేటి?’’

‘‘తిన్నాను. కారుతోందా?’’

‘‘ఒక్క సుక్క లేదు. మొన్న ఎండ కాసినప్పుడు టప్పున మోగింది. ఎవరూ అనడిగేను.’’

‘‘ఎవరన్నారు?’’

‘‘ఎవరంటారు, ఎదురుబొంగు.’’ తనే నవ్వింది. ‘‘రెండోసారి కూడా అడిగేన్లే.’’

నేను కూడా లేచి చూసేవాణ్ణని చెప్పలేదు.

‘‘అవునుగాని, ఇది ఎన్నేళ్లుంటాదిరా?’’ అంది.

ఇన్నాళ్లలో ఆమె ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. నా దగ్గర జవాబు రాసి ఉంది, పెద్ద అక్షరాలతో. కాని రాళ్ల మీద నిలబడ్డ గుంజలు, మట్టి కొయ్యని తడికలు, పశ్చిమ గుంజలో పురుగు చిల్లు గుర్తొచ్చాయి.

‘‘ఈ వానాకాలం దాటుద్ది అప్పా’’ అన్నాను.

‘‘సాల్లే’’ అంది.

ఆ సాయంత్రం గడిలో ‘అప్పతో, ఫోన్లో’ అని రాశాను. ఇరవై అంకె ఉన్న పాత పేజీ తీసి చూశాను. దాన్ని కొట్టెయ్యలేదు. డైరీలో ఎప్పుడూ ఏదీ కొట్టెయ్యను. పక్కన మాత్రం ఇలా చేర్చాను: పది రోజుల్లో కట్టి ఉండవలసింది.